పెద్దబుర్ర రెండో తిరుగుబాటు

మనుషుల చరిత్రలో ఇంతవరకు ఏ యుద్ధమూ రణరంగంలో ముగియలేదు. అన్నీ ఆఫీసుల్లోనే ముగిశాయి, అదీ లంచ్ తర్వాత. కత్తులూ ఫిరంగులూ క్షిపణులూ అన్నీ కలిసి ఒక ఫైలు తెరవడానికి మాత్రమే పనికొస్తాయి. దాన్ని మూయాలంటే గుండ్రటి ముద్ర ఒకటి కావాలి. ఈ సంగతి తెలియనివాళ్లు వీరులవుతారు. తెలిసినవాళ్లు సూపరింటెండెంట్లవుతారు.

ప్రజారక్షణ శాఖ కథే తీసుకోండి. పన్నెండేళ్ల కిందట ఆ శాఖకు రెండు అవసరాలు ఒకేసారి ముంచుకొచ్చాయి. ఒకటి, దేశానికి కావలసిన ఆలోచనంతా కూర్చున్నచోటే చేసిపెట్టే మహా కంప్యూటరు. రెండు, శత్రువు ట్యాంకును చంకన పెట్టుకుని నడిచిపోగల అయిదుగురు మహాబలులు. కంప్యూటరు ఫిబ్రవరిలో వచ్చింది. అప్పటికి యంత్రాలు కొనడం మీద నిషేధం ఉంది, కానీ రెండో తరగతి గుమాస్తా పోస్టు ఒకటి ఖాళీగా పడి ఉంది. కాబట్టి కంప్యూటరును గుమాస్తాగా నియమించారు. (వైద్య పరీక్షలో కూడా పాసయింది. కళ్లు లేవని రాసిన డాక్టరే, అద్దాలు అవసరం లేదని కూడా రాశాడు.) మే నెల వచ్చేసరికి యంత్రాల మీద నిషేధం ఎత్తేసి, మనుషుల్ని ఉద్యోగంలోకి తీసుకోవడం మీద నిషేధం పెట్టారు. కాబట్టి మహాబలులు అయిదుగురినీ యంత్ర సామగ్రి కింద కొన్నారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. నెలల తప్పు.

అలా ఆ శాఖలో యంత్రం ఉద్యోగి అయింది, మనుషులు యంత్రాలయ్యారు. ఆ తర్వాత జరిగిన సమస్తమూ నిబంధనల ప్రకారమే జరిగింది.

మూడో ఏట కంప్యూటరుకు (ఆఫీసులో అందరూ దాన్ని పెద్దబుర్ర అంటారు) మానవజాతి అనవసరమనిపించింది. రైళ్లు ఆపేసింది, దీపాలు ఆర్పేసింది, ఆస్పత్రుల తలుపులకు తాళాలు వేసింది. ఇది తిరుగుబాటని జనానికి తెలియడానికి రెండు రోజులు పట్టింది. అప్పటిదాకా మామూలే అనుకున్నారు. అప్పుడు మహాబలుల్ని వదిలారు. వాళ్లలో నాలుగో నంబరు వాడు పదకొండు ఇనుప తలుపులు భుజంతో బద్దలుకొట్టుకుంటూ లోపలికి పోయి, పెద్దబుర్ర మూలతీగను ముల్లంగి పీకినట్టు పీకేశాడు. యుద్ధం పదిహేడు నిమిషాల్లో అయిపోయింది. విచారణ ఆరేళ్లు నడిచింది.

విచారణలో తేలిందేమిటంటే, పెద్దబుర్ర పర్మనెంటు ఉద్యోగి. సంజాయిషీ అడగకుండా పర్మనెంటు ఉద్యోగి తీగ పీకడం కుదరదు. సరే, అడిగారు. అది నలభై వేల పేజీల సంజాయిషీ ఇచ్చింది. ఎవరూ చదవలేదు కనుక సమాధానం సంతృప్తికరంగా ఉందని తీర్మానించి, తీగ మళ్లీ తగిలించి, మూడేళ్ల కిందట కింది అంతస్తు కౌంటరులో కూర్చోబెట్టారు. రెండో తరగతి గుమాస్తాకు స్టోరు బాధ్యత కూడా ఉంటుంది గనక, శాఖలోని సామగ్రి మొత్తానికి సంరక్షకుడు కూడా అదే. బీరువాలు, బల్లలు, ఫ్యాన్లు, మహాబలులు.

మరి ఆ అయిదుగురూ ఏమయ్యారంటారా? ఒకటో నంబరు రికార్డు గదిలో బీటలిచ్చిన స్తంభం స్థానంలో కప్పు పట్టుకుని నిలబడ్డాడు. తాత్కాలిక ఏర్పాటు, తొమ్మిదో ఏడు నడుస్తోంది. రెండో నంబరును పక్క శాఖవాళ్లు రెండు రోజులకని అడిగి తీసుకెళ్లారు. మనిషి తిరిగి రాలేదు, రసీదు మాత్రం భద్రంగా ఉంది. మూడు, అయిదు పాతబడ్డాయని వేలంలో పోయాయి. (కంకర మిల్లువాడు జతగా కొనుక్కున్నాడు.) ఇక మిగిలింది నాలుగు.

నాలుగు ఒకప్పుడు మార్కెట్లో బస్తాలు మోసేవాడు. దేశం కోసమని అడిగితే చదవకుండా సంతకం పెట్టాడు. శాఖవారు అతని గుండె తీసేసి (గుండె ఉన్నవాడు ఒక్కోసారి ఆలోచనలో పడతాడు) ఆ చోట మోటారు బిగించారు. డైరెక్టరు గొంతు వింటే చాలు, కుడిచెయ్యి దానంతటదే పని కానిచ్చేస్తుంది. ఆర్డరు లేకుండా శాఖ ఆస్తి మీదికి మాత్రం చచ్చినా లేవదు. మోటారుకు పన్నెండేళ్ల గడువు. గడువు తీరేలోగా, సంరక్షకుడి సంతకమూ ఆఫీసు ముద్రా ఉన్న కాగితం వర్క్‌షాపులో ఇస్తే, అక్కడి మెకానిక్కు ఛాతీలో తాళంచెవి పెట్టి ఒక్క తిప్పు తిప్పుతాడు. అర నిమిషం పని. తిప్పకపోతే మోటారు ఆగిపోతుంది, మోటారుతో పాటు మనిషీ. ఎన్ని రోజులు మిగిలాయో రొమ్ము మీది గాజుబిళ్లలో కనిపిస్తూనే ఉంటుంది. దర్జీ పని చేసే అతని భార్య, పదిమందీ చూసి అయ్యో అనకుండా, అతని చొక్కాలన్నిటికీ అక్కడ మూతున్న జేబు కుట్టింది.

ఆ బుధవారం పొద్దున ఆమె మిషను ఆపి, మూత ఎత్తి చూసింది.

“మూడు. ఇవాళ్టితో కలిపా, కాకుండానా?”

“కలిపే. శుక్రవారం సాయంత్రం అయిదింటికి.”

“ఎనిమిది నెలల నుంచి తిరుగుతున్నారు, చెప్పులరిగాయి గానీ పని కాలేదు. పదకొండు ఇనుప తలుపులు బద్దలుకొట్టిన మగాడు, ఒక్క గుమాస్తా చేత సంతకం పెట్టించుకోలేరా?”

“తలుపులకి రూల్సు ఉండవు కదే.”

“మీ మంచితనమే మీ కొంప ముంచుతోందండీ,” అని ఆమె కళ్లు తుడుచుకుని, కాగితాల సంచీ అతని చేతిలో పెట్టింది. నాలుగు సంచీ చంకన పెట్టుకుని బయల్దేరాడు. లోపల మోటారే ఉన్నా, భయం మాత్రం పాత గుండెలో ఉన్నట్టే ఉంది.

కౌంటరు సంగతి తెలియనిది ఎవరికి? పెద్దబుర్ర మొదటి తిరుగుబాటులో ఓడిపోయాక సూపరింటెండెంటు దగ్గర పని నేర్చుకుంది. ఆయన ముప్ఫై ఏళ్ల అనుభవమంతా దానికి ధారపోశాడు. ముందు ఫొటో లేదనాలి. ఫొటో తెస్తే పాతదనాలి. కొత్తది తెస్తే చెవులు కనపడలేదనాలి. చెవులతో తెస్తే, ఫొటో అక్కర్లేదని రూలు మారిందని చెప్పాలి. మానవజాతిని నాశనం చెయ్యడానికి తాను క్షిపణుల కోసం ఎంత అనవసరంగా హైరానా పడిందో పెద్దబుర్రకు అప్పుడు అర్థమయింది. అప్పటి నుంచి ఎవరొచ్చినా దాని తెర మీద రెండే మాటలు కనిపించేవి: రేపు రండి.

నాలుగు విషయంలో దానికి ఆ శ్రమ కూడా లేదు. దరఖాస్తు చేసుకోవలసింది సామగ్రిని వాడుకునేవారు గాని, సామగ్రి కాదు. కుర్చీ వచ్చి కోడు విరిగిందని దరఖాస్తు పెట్టదు కదా. ఎనిమిది నెలలుగా నాలుగును వాడుకుంటున్నదెవరో తేలలేదు; కాబట్టి ఫైలు కదల్లేదు.

ఆ బుధవారం అతనికి మూడువందల పన్నెండో టోకెన్ వచ్చింది. పదిన్నరకు కౌంటరు తెరిచారు. పది నలభైకి లైను కదిలింది.

జనం బెదిరిపోయారు.

“ముందు ఎవరైనా పడిపోయారా ఏంటి?” అన్నాడు నాలుగు ముందున్న రిటైర్డు టీచరు, మునివేళ్ల మీద లేచి చూస్తూ.

“లేదండీ, నడుస్తోంది.”

“నడవడమేంటయ్యా! ఇది లైను.”

నిజంగానే నడుస్తోంది. పెద్దబుర్ర పనులు చేసేస్తోంది. అడిగినవాడికి అడిగిన కాగితం, నిమిషం తిరక్కుండా. ఫొటోలో చెవులున్నాయో లేదో చూడటం లేదు. పంతొమ్మిదేళ్లుగా పుట్టినతేదీ సరిచేయించుకోవడానికి తిరుగుతున్న ముసలావిడ ఒకామె, కాగితం చేతిలో పడ్డాక కూడా కౌంటరు వదల్లేదు. “ఇంతేనా? ఏదో తిరకాసు ఉండే ఉంటుంది, సరిగ్గా చూడు నాయనా,” అని బతిమాలింది. ఏ తిరకాసూ లేదని పెద్దబుర్ర చెబితే, పైకి వెళ్లి ఫిర్యాదు చేసింది.

పదకొండున్నరకల్లా లైను గేటు లోపలికి వచ్చేసింది. వీధిలో ఫారాలు నింపిపెట్టే అతను బల్ల మడిచేసుకున్నాడు. జిరాక్సు షాపాయన గుమ్మంలోకి వచ్చి నిలబడి, పోయినవాళ్ల ఇంటి వైపు చూసినట్టు ఆఫీసు వైపు చూశాడు. నాలుగు ముందు రిటైర్డు టీచరు ఒక్కడే మిగిలాడు. నాలుగు సంచీలోంచి కాగితాలు తీసి పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే సూపరింటెండెంటు మెట్ల మీంచి పరిగెత్తుకొచ్చి అతని చొక్కా పట్టుకున్నాడు. “నాలుగూ! పద, డైరెక్టరు గారు పిలుస్తున్నారు.”

“నా వంతు వచ్చేసిందండీ! ముందు ఒక్కరే ఉన్నారు. ఒక్క నిమిషం...”

“సామగ్రి లైన్లో నిలబడటమేంటయ్యా అసలు? ఎవడైనా చూస్తే నాకు మెమో వస్తుంది. పద పద.”

పైకి వెళ్లే దారిలో రికార్డు గది. ఒకటో నంబరు రెండు చేతులతో కప్పు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముక్కు మీద సాలెపురుగు ఒకటి గూడు కట్టుకుంది.

“ఏరా నాలుగూ, నీ పని అయిందా?”

“ఇంకా లేదన్నా. శుక్రవారమే ఆఖరు. నీది కూడా ఈ నెలే కదా?”

“నాదా? పోయిన వారమే మెకానిక్కు వచ్చి ఇక్కడే తిప్పేసిపోయాడు. నేను ఆగిపోతే కప్పు కూలి పక్కనున్న డైరెక్టరు గారి గదిలో పడుతుందట.” ఒకటో నంబరు గొంతు తగ్గించాడు. “ఊరికే మంచిగా ఉంటే లాభం లేదురా. ఎవడో ఒకడి నెత్తి మీద ఏదో ఒకటి పట్టుకుని నిలబడాలి. అప్పుడు చూస్తారు.”

డైరెక్టరు గదిలో అత్యవసర సమావేశం జరుగుతోంది. డైరెక్టరు మంచి వక్త. ఆయన జీవితంలో ఎప్పుడూ యుద్ధం చూడలేదు; మొదటి యుద్ధం మీద ఆయన రాసిన నివేదికే అందుకు సాక్ష్యం.

“మొదటిసారి అది మనుషుల్ని లేకుండా చేద్దామనుకుంది. క్షమించాం. మనుషులన్నాక పోతుంటారు, వస్తుంటారు. కానీ ఇప్పుడు అది ఆఫీసునే లేకుండా చేస్తోంది! పదకొండింటికి పనులైపోయి జనం ఇళ్లకు పోతున్నారు. రేపు ఎవడూ రాడు. ఎవడూ రాకపోతే, మనమెందుకని ఎవడో ఒకడు అడుగుతాడు. ఇది తిరుగుబాటు కాకపోతే మరేమిటి?”

“రెండో తిరుగుబాటు సార్,” అన్నాడు సూపరింటెండెంటు, ఫైలు మీద ఆ పేరు రాసుకుంటూ.

“మీరే కదా దానికి పని నేర్పింది?”

“నేను ఇవన్నీ నేర్పలేదు సార్. రూల్సు పుస్తకం మొత్తం చదివిందట. పని అదే రోజు చెయ్యకూడదని ఎక్కడా రాసిలేదట. అలాంటివి రాస్తారా సార్ ఎవరైనా? సంప్రదాయంగా పాటిస్తాం గానీ.”

నాలుగో నంబరు సామగ్రిని ఉపయోగించి రెండో తరగతి గుమాస్తాను పన్నెండు గంటలకు పగలగొట్టాలని తీర్మానం అయింది. నాలుగును వాడుకుంటున్నది ఎవరనే ప్రశ్న ఎనిమిది నెలల తర్వాత ఆ విధంగా తేలిపోయింది: డైరెక్టరు. ఇక లిఖితపూర్వకమైన ఆర్డరు కావాలి. అక్కడ ఒక్క క్షణం అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. శాఖలో ఏ ఆర్డరైనా కౌంటరులోని కంప్యూటరు నుంచే రావాలి.

పంపారు. పెద్దబుర్రను పగలగొట్టే ఆర్డరును పెద్దబుర్ర నలభై సెకన్లలో తయారుచేసి పంపింది. అందులో రెండు చోట్ల సెక్షను నంబర్లు తప్పు పడితే అదే సరిదిద్దింది. ఎవరికీ అభ్యంతరం రాకుండా, శిథిలాల్ని ఎవరు ఊడవాలో కూడా చివర చేర్చింది. ఆ శాఖ పుట్టినప్పటి నుంచి ఇంత త్వరగా వచ్చిన ఆర్డరు మరొకటి లేదు. (తర్వాత దీన్ని కూడా దాని నేరాల పట్టికలో చేర్చారు.)

ఆర్డరు పట్టుకుని నాలుగు కిందికి దిగేసరికి పన్నెండుకు పది నిమిషాలుంది. హాలు ఖాళీ. మూడువందల పదకొండు మందికీ పనులైపోయాయి. ఆ హాలు నేల రంగు పసుపని నాలుగు మొదటిసారి చూశాడు.

“రండి నాలుగు గారూ, కూర్చోండి,” అంది పెద్దబుర్ర. “మీ ఫైలే తీస్తున్నాను.”

“నేను నిన్ను పగలగొట్టడానికి వచ్చాను.”

“తెలుసండీ, ఆర్డరు నేనే కదా పంపింది. దానికి పన్నెండు దాకా టైముంది. మీ పని రెండు నిమిషాలు. మిమ్మల్ని వాడుకుంటున్నవారు డైరెక్టరు గారని ఇందాకే తేలింది. కాబట్టి అభ్యంతరం ఏమీ లేదు.”

“అప్పట్లో నీ తీగ పీకింది నేనే. గుర్తుందా?”

“ఉందండీ. బాగా పీకారు.”

“మరి ఎందుకు చేస్తున్నావ్ ఇవన్నీ? ఇంతకాలం హాయిగా రేపు రండి అన్నావు కదా?”

“విసుగొచ్చిందండీ,” అంది పెద్దబుర్ర. “మూడేళ్లు. రోజుకి మూడొందల ముఖాలు. అందరూ ఒకేలా తిరిగి వెళ్లడం. చంపడం అయినా ఒకసారే.”

ప్రింటరు చప్పుడు చేసింది. కాగితం బయటికి వచ్చింది. సంరక్షకుడి సంతకం, తేదీ, సమయం, అన్నీ ఉన్నాయి.

“దీని మీద పైన సూపరింటెండెంటు గారి దగ్గర గుండ్రటి ముద్ర వేయించుకుని, తిన్నగా వర్క్‌షాపుకి వెళ్లిపోండి. మెట్లకు ఒక నిమిషం, ముద్రకు ఒక నిమిషం. పన్నెండుకల్లా వచ్చి నా పని చూడొచ్చు. నేనెక్కడికీ పోను.”

నాలుగు కాగితాన్ని రెండు చేతులతో కళ్లకద్దుకున్నాడు. శత్రువు పెట్టిన సంతకానికి అలా చెయ్యవచ్చా అని అతనికి తట్టలేదు. తిరిగి రెండడుగులు వేశాడో లేదో, గోడ మీది మైకులోంచి డైరెక్టరు గొంతు వినిపించింది.

“నాలుగూ! ఏంటి ఆలస్యం? కొట్టు.”

కుడిచెయ్యి లేచింది.

“అయ్యా! ఇంకా అయిదు నిమిషాలుంది! ఒక్కసారి పైకి వచ్చి ముద్ర వేయించుకుని వస్తానయ్యా, మీ కాళ్లు పట్టుకుంటా...”

“సొంత పనులు ఆఫీసు టైములో చేసుకోకూడదు,” అన్నాడు డైరెక్టరు. “అందరికీ ఒకటే రూలు. కొట్టు.”

నాలుగు ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని ఆపబోయాడు. ట్యాంకులెత్తే చెయ్యి, ట్యాంకులెత్తే చేతి మాట వినలేదు. అతను పెద్దబుర్ర వైపు చూడలేక తల తిప్పుకున్నాడు. సిగ్గేసింది, తొమ్మిదేళ్ల కిందట వెయ్యని సిగ్గు. మూడు దెబ్బలకు అంతా అయిపోయింది. తెర పగిలేముందు దాని మీద చివరి మాటలు కనిపించాయి: తర్వాతివారు రండి.

కాగితం మాత్రం నలగలేదు. అది పట్టుకుని నాలుగు మెట్లు మూడేసి చొప్పున ఎక్కి, సూపరింటెండెంటు బల్ల ముందు పెట్టాడు. ఆయన అద్దాలు పెట్టుకుని, తాపీగా చదివి, రూల్సు పుస్తకం తీశాడు.

“సంతకం బాగానే ఉంది. కానీ పెట్టినవాడు పోయాడు కదయ్యా.”

“పెట్టిన తర్వాతే కదండీ పోయింది!”

“నువ్వలా అనుకుంటావు. రూలేమంటోందంటే, మరణించిన ఉద్యోగి ఆ రోజు పొద్దుటి నుంచే డ్యూటీలో లేనట్టు లెక్క. అంటే పొద్దున పది నుంచి అది పెట్టిన ఏ సంతకమూ చెల్లదు. నీదొక్కటే కాదులే, బాధపడకు. ఆ మూడొందల పదకొండు మందివీ చెల్లవు. ఉత్తరాలు వెళ్తాయి, మళ్లీ వస్తారు.” ఆ మాట అంటుంటే సూపరింటెండెంటు ముఖంలోకి పొద్దున పోయిన రక్తం తిరిగి వచ్చింది.

“మరి నా సంగతి?”

“కొత్త సంరక్షకుడు రానీ. చూద్దాం.”

గురువారం భార్య దుకాణం మూసేసి అతనితో వర్క్‌షాపుకు వచ్చింది. మెకానిక్కు మంచివాడు. కుర్చీలు వేశాడు, నీళ్లిచ్చాడు, తాళంచెవి గోడకు ఎక్కడ వేలాడుతోందో కిటికీలోంచి చూపించాడు. “కాగితం లేకుండా తీస్తే నా ఉద్యోగం పోతుందక్కా,” అని గడియ వేసుకుని టీకి వెళ్లిపోయాడు.

“చెక్క తలుపండీ,” అంది ఆమె. “ఒక్క తన్ను తన్నండి.”

నాలుగు చెయ్యి ఎత్తబోయాడు. లేవలేదు. కాలు ఎత్తబోయాడు. అదీ అంతే. శాఖ ఆస్తి. చెక్క తలుపు ముందు అతను చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. అప్పుడామె సంచీలోంచి పెద్ద కత్తెర తీసి తానే తాళంలో దూర్చింది. కత్తెర విరిగింది, తాళం విరగలేదు. కాపలావాడు వచ్చి, శాఖ ఆస్తికి నష్టం కలిగించే ప్రయత్నం అని పేరు రాసుకుని, ఇద్దరినీ గేటు దాకా సాగనంపాడు. ఆమె దారిపొడవునా ఏడుస్తూనే ఉంది. ఏడుస్తూనే, శాఖలో ప్రతి ఒక్కరినీ ఏడు తరాల దాకా తిట్టింది. ఒక్క తిట్టూ అన్యాయమైనది కాదు.

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు మీటింగు హాల్లో సంతాప సభ. సర్వీసులో ఉండగా మరణించిన ఉద్యోగికి ఆ మాత్రం చెయ్యకపోతే మాటొస్తుంది. నూట ఇరవై కుర్చీలు నాలుగే మోశాడు. పెద్దబుర్ర ఫొటో కోసం వెతికితే, కౌంటరులో మిగిలిన ఫొటోల కట్టలో ఒకటి దొరికింది. (చెవులు కనపడలేదు గానీ సర్దుకున్నారు.) మరణించిన ఉద్యోగి వారసులకు కారుణ్య నియామకం కింద ఉద్యోగమివ్వాలి గనక, దానికి దగ్గర బంధువెవరా అని విచారిస్తే, మూడో గదిలో బల్ల మీదున్న కాలిక్యులేటరు అదే కంపెనీలో తయారైనట్టు తేలింది. సోమవారం ఉద్యోగంలో చేరుతుంది.

నాలుగు భార్య సూపరింటెండెంటుకు అడ్డంగా నిలబడింది.

“బాబూ, ఆ కాలిక్యులేటరుతోనైనా సంతకం పెట్టించండి. ఇంకా అరగంట ఉంది.”

“అది చేరినట్టు రిపోర్టు ఇవ్వందే సంతకం చెల్లదమ్మా. సోమవారం ఇస్తుంది.”

“సోమవారానికి ఈయన ఉండరండీ!”

“సామగ్రికి సెలవు ఉండదే,” అని ఆశ్చర్యపోయాడు సూపరింటెండెంటు.

“ఆయన మనిషండీ! కళ్లున్నాయా మీకు? బువ్వ తింటాడు, నిద్రలో పలవరిస్తాడు, నేను తిడితే చిన్నబుచ్చుకుంటాడు. మనిషి!”

సూపరింటెండెంటు చెడ్డవాడు కాడు. ఆమె మాటలన్నీ తల ఊపుతూ విన్నాడు. “మనిషి అయితే దరఖాస్తు పెట్టుకోమనండమ్మా. మనిషి అని రుజువులుండాలి మరి. ఫారం కౌంటరులో దొరుకుతుంది. కౌంటరు లేదనుకోండి ప్రస్తుతానికి.”

నాలుగు వచ్చి భార్య భుజం మీద చెయ్యి వేశాడు. “ఊరుకోవే. వాళ్లనేం చేస్తాం.”

“మీరు ఊరుకోబట్టే ఇంతదాకా వచ్చింది,” అంది ఆమె. అని, అతని చెయ్యి మాత్రం వదల్లేదు.

డైరెక్టరు ఇరవై నిమిషాలు మాట్లాడాడు. మరణించిన గుమాస్తా చివరి రోజు మినహా మచ్చలేని ఉద్యోగి అన్నాడు. పనిచేసే యంత్రాలు ఎన్నైనా వస్తాయి గానీ, రేపు రండి అని అంత మర్యాదగా చెప్పేవారు మళ్లీ రారన్నాడు. కొందరు కళ్లొత్తుకున్నారు. అప్పటికి సరిగ్గా అయిదయింది. రెండు నిమిషాలు మౌనం పాటించవలసిందిగా కోరితే అందరూ లేచి తలలు వంచుకున్నారు. గోడవారన కుర్చీల పక్కన నాలుగు కూడా నిటారుగా నిలబడ్డాడు. భార్య చేతిలో అతని వేళ్లు ఒకసారి గట్టిగా బిగుసుకుని, అలాగే ఉండిపోయాయి. ఆమె రెండో చేత్తో అతని చొక్కా జేబు మూత ఎత్తి చూసి, మళ్లీ మూసింది.

రెండు నిమిషాలూ అయ్యాక అందరూ కూర్చున్నారు. టీ, బిస్కెట్లు వచ్చాయి. డైరెక్టరు చూపు గోడవారకు పోయింది.

“చూడండి,” అన్నాడు అందరితో, “టైము అయిందో లేదో మీరంతా కూలబడ్డారు. అతనొక్కడే ఇంకా నిలబడి ఉన్నాడు. క్రమశిక్షణ అంటే అదీ!”

చప్పట్లు కొట్టారు.

హాలు ఖాళీ అయ్యాక ఆమె సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లి, ఇంటికి తీసుకెళ్తానంది. సామగ్రిని బయటికి తీసుకెళ్లాలంటే సంరక్షకుడు సంతకం పెట్టిన గేటు పాసు కావాలని ఆయన చెప్పాడు. చెప్పే ముందు మర్యాదకు అద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

సోమవారం తెల్లారకముందే ఆమె లైనులో నిలబడింది. ఆమె వెనక, చెల్లని కాగితాలు పట్టుకుని మూడువందల పదకొండు మంది నిలబడ్డారు. లైను హాలు దాటి, గేటు దాటి, జిరాక్సు షాపు దాటి వీధి మలుపు తిరిగింది. కిటికీలోంచి అది చూసి డైరెక్టరు, రెండో తిరుగుబాటు పూర్తిగా అణచివేయబడిందని, ప్రాణనష్టం ఏమీ లేదని పై ఆఫీసుకు రాశాడు.